పేరు చెప్పని జబ్బు

పదాలకు వ్యుత్పత్తులు చెప్పడం మా వృత్తి. స్మరణ తొలగిపోతే అపస్మారం, నటరాజస్వామి పాదం కింద అణిగి ఉన్న మరుగుజ్జు పేరు కూడా అదే అని ఏటా ఒకసారైనా క్లాసులో చెబుతుంటాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు.

కొన్నేళ్ళ కిందట ఒకనాడు పాఠం మధ్యలో, రెండో బెంచీలో ఉన్న అమ్మాయి కెవ్వుమని కిందపడి కొట్టుకోసాగింది. వ్యుత్పత్తి తెలిసిన పండితుణ్ణి కొయ్యబారిపోయాను. ఎవరో తాళంచెవుల గుత్తి తెచ్చి ఆమె గుప్పెట్లో కుక్కారు. ఇంకెవరో ఉల్లిపాయ కోసం క్యాంటీనుకు పరుగెత్తారు. ఇక నేను చేసిన ఘనకార్యం, పళ్ళ మధ్య చెంచా పెట్టమని సలహా ఇవ్వడం!

రెండు నిమిషాల్లో అదే సర్దుకుంది. ఆ అమ్మాయి మా లెక్కల మాష్టారి కూతురు. ఆయన రొప్పుకుంటూ వచ్చి, కూతుర్ని చూసుకుని, నన్ను పక్కకు పిలిచారు.

"మాష్టారూ, ఎండకు కళ్ళు తిరిగాయని చెప్పండి. ఇంకో పేరు ఎత్తకండి. రెండు సంబంధాలు మాటల్లో ఉన్నాయి."

జబ్బు కొత్తది కాదట. మాత్రలు వాడుతూనే ఉన్నారట. అయినా తగ్గడం లేదట. మరో నరాల డాక్టరుకు చూపించడానికి వెళుతూ నన్నూ తోడు రమ్మన్నారు.

ఆ డాక్టరుగారి గదిలో గోడనిండా ప్రశంసాపత్రాలూ, జ్ఞాపికలూ. మాష్టారు లెక్కల మనిషి గదా, కూర్చున్నంతసేపూ వాటిని లెక్కపెట్టారు. "గట్టివాడేనంటారా?" అని నా చెవిలో అడిగారు. వాటిలో తిరువనంతపురం పేరున్న కాగితం ఒకటి నా కంట పడింది. డాక్టరుగారు అక్కడి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో శిక్షణ పొందినవారట. ఇంటికి వచ్చాక, అదేమంత గొప్పదో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

ఆ సంస్థకు 1980లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా వచ్చింది. మూర్ఛరోగులలో పదిమందికి ఏడుగురి దాకా మందులతోనే అదుపులో ఉంటారు. మిగిలినవారిలో కొందరికి మెదడులో ఒక చిన్న చోటే తగవులమారి. రోగిని రాత్రింబవళ్ళు కెమెరాతో కనిపెట్టి చూస్తూ, తలకు తీగలు అమర్చి మెదడు విద్యుత్తును నమోదు చేసి, ఆ చోటు ఏదో పట్టుకోవాలి. మాటకూ, జ్ఞాపకానికీ చేటు రాదనుకుంటేనే దాన్ని తొలగిస్తారు. డాక్టర్ కె. రాధాకృష్ణన్ గారి నాయకత్వంలో 1995లో అక్కడ ఈ శస్త్రచికిత్సలు ఆరంభమయ్యాయి. 1998లో మూర్ఛకే ప్రత్యేకమైన కేంద్రం వెలిసింది.

నన్ను ఆకట్టుకున్నది కత్తి పని కాదు. ఆ వైద్యబృందమే మధ్య కేరళలో ఇంటింటి సర్వే చేయించింది. 2,38,102 మందిని లెక్కలోకి తీసుకుంటే, వెయ్యికి సుమారు 5 గురు మూర్ఛరోగులని తేలింది. జనం అభిప్రాయాలు కూడా అడిగారు. ఇది ఒకరకం పిచ్చి అన్నవారు దాదాపు నలుగురిలో ఒకరు. వీళ్ళు ఉద్యోగానికి పనికిరారన్నవారు పదిమందిలో నలుగురు. చదువుల కేరళలో సంగతి ఇది! ఆ ఫలితాలు 2000లో అంతర్జాతీయ మూర్ఛ వైద్య పత్రిక ‘ఎపిలెప్సియా’లో అచ్చయ్యాయి.

జనాన్ని అనుకుని లాభమేమిటి? మన హిందూ వివాహ చట్టమే, 1976 నాటి సవరణతో, మాటిమాటికీ వచ్చే పిచ్చినీ మూర్ఛనూ ఒకే వాక్యంలో చేర్చి, రెండూ పెళ్ళికి ప్రతిబంధకాలేనంది. ఆ వాక్యంలోంచి మూర్ఛ అన్న మాటను 1999లో గాని తీసివేయలేదు.

ఇక ఆడపిల్లల తల్లుల బెంగ వేరు. "దీనికి పిల్లలు పుడతారా? పుడితే చక్కగా ఉంటారా?" ఈ ప్రశ్ననే పట్టుకుని డాక్టర్ సంజీవ్ థామస్ గారు 1998లో అక్కడే ఒక రిజిస్టరు ప్రారంభించారు. మూర్ఛ ఉన్న తల్లులను కాన్పు దాకా, ఆ తరవాత వారి బిడ్డలను కూడా గమనిస్తూ వచ్చారు. ఎక్కువమందికి పండంటి బిడ్డలే పుడతారు. అయితే వాల్ప్రోయేట్ వంటి కొన్ని మందులు గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. కనుక పెళ్ళి కుదిరినప్పుడే డాక్టరుతో మాట్లాడాలి. మందు మార్చేదీ ఆయనే, మానిపించేదీ ఆయనే. మనంతట మనం మానరాదు.

మా డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయన కాగితాలన్నీ చూసి, అమ్మాయిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "మాత్రలు ఏ పూటా మానకుండా వేసుకుంటున్నావా, అమ్మా?"

ఆ పిల్ల తండ్రి వంక చూసింది. తండ్రి తల దించుకున్నారు. మాత్రలు పోపులపెట్టె వెనక విటమినుల సీసాలో ఉండేవట. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళు వెళ్ళేదాకా సీసా బయటికి వచ్చేది కాదట. క్లాసులో పడిపోయిన రోజుకు ముందు వారమంతా ఇంటినిండా చుట్టాలే! పూట తప్పితే మూర్ఛ తిరగబెట్టడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. శస్త్రచికిత్సా వద్దు, కొత్త మందూ వద్దు, ఆ సీసా బయట పెట్టండి చాలన్నారు డాక్టరుగారు.

సీసా బయటికి వచ్చింది. సంబంధాలకు వచ్చినవారికి సంగతి చెప్పడం కూడా మొదలైంది. రెండు తప్పిపోయాయి. ఆ రెండుసార్లూ మాష్టారు నా మీద కోప్పడ్డారు. మూడోవారు డాక్టరుగారితో స్వయంగా మాట్లాడి వచ్చి ముహూర్తం పెట్టించమన్నారు. ఇప్పుడా అమ్మాయికి బడికి వెళ్ళే కొడుకు. మొన్న వాళ్ళింటికి భోజనానికి వెళితే, వంటింట్లోంచి అత్తగారు పదిమందీ వినేలా కేకేశారు: "అమ్మాయీ, మాత్ర వేసుకున్నావా?" మాష్టారు నా వంక చూసి నవ్వారు.

నేనూ పాఠం కొంచెం పెంచాను. అపస్మారానికి వ్యుత్పత్తి చెప్పి, ఆపైన ఇంతే చెబుతాను. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తలకింద మెత్తనిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, కాళ్ళూ చేతులూ అదిమిపట్టకండి, గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోండి.

"ఇది పరీక్షలో వస్తుందా, సార్?" అని అడుగుతారు పిల్లలు.

పరీక్షలో రాదు, క్లాసులో రావచ్చు, రాసుకోండి అంటాను.