ప్రయోగశాలలో పదిహేను నిమిషాల నీరు

మొక్కల నమూనాలలో నత్రజని శాతం తెలుసుకోవడానికి కెల్డాల్ పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వాటిని మరిగిస్తారు. ఆ ఆమ్లం కంట్లో పడితే కనీసం 15 నిమిషాలపాటు ఆగని ధారతో కడగాలని గోడమీది పట్టిక చెబుతుంది. నిమిషానికి లీటరున్నర చొప్పున లెక్కించినా 22 లీటర్లకు పైగా నీరు కావాలి. వేసవి మధ్యాహ్నం విద్యుత్తు పోయి, మిద్దెమీది ట్యాంకు ఖాళీ అయిన వేళ ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం పట్టికలో ఉండదు. బల్లమీది అరలీటరు వాష్ బాటిల్ ఇందుకు చాలదు.

సదుపాయం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, గాలి తగిలితే మండే రసాయనం సిరంజి నుంచి చిందడంతో ఒక యువ పరిశోధక సహాయకురాలు తీవ్రంగా కాలి, మరుసటి నెలలో మరణించారు. ఆమె ల్యాబ్ కోటు ధరించలేదు. దగ్గరలోనే ఉన్న అత్యవసర షవర్‌ను ఎవరూ వాడలేదు.

మన ప్రయోగశాలల్లో సిద్ధాంతవ్యాసం గడువు ముంచుకొచ్చినప్పుడు రాత్రివేళ ఒంటరిగా పనిచేసేది విద్యార్థి. గాజుసామాను కడిగేది దినవేతన సహాయకుడు. భద్రతా శిక్షణకు ముందు పిలవవలసింది వీరినే. ఫ్యూమ్ హుడ్ పాత సీసాల అలమరగా మారిన చోట (అలాంటివి అరుదేమీ కావు) మంటలార్పే సిలిండరు తేదీ చూసి సంతకం చేయడం తనిఖీ అనిపించుకోదు. కళ్లు కడిగే కుళాయిని వారానికొకసారి తిప్పి చూడాలి. దానికి విద్యుత్తుతో నిమిత్తం లేకుండా నీరందించే ప్రత్యేక ట్యాంకు ఉండాలి. ఆమ్లం సీసాల ఇండెంటుపై సంతకం చేసే విభాగాధిపతి ఆ ట్యాంకును కూడా అందులోనే చేర్చవచ్చు.