తీగ అద్దెదైనా కాగితం గట్టిగా ఉండాలి

ఎమ్మిగనూరు, ఆదోని లాంటి ఊళ్లు సొంతంగా ఫైబర్ తీగ వేసుకోవాలా అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. వద్దన్నాను. వీధి దీపాల కరెంటు బిల్లు కట్టడానికే చిన్న మున్సిపాలిటీలు కిందామీదా పడుతున్నాయి. తీగ వేయడం ఒక ఎత్తయితే, దాన్ని రాత్రీ పగలూ కాపాడుకోవడం పదెత్తులు. మరి అద్దెకు తీసుకోవాలా అంటే, తప్పకుండా తీసుకోవాలి. ప్రైవేటు కంపెనీ దగ్గర నెలనెలా రీచార్జి చేసుకున్నట్టు మాత్రం కాదు. లాభం కోసం పుట్టని సంస్థ ఏదైనా ఉంటే దాని దగ్గర, పదిహేనో ఇరవయ్యో ఏళ్లకు, గట్టి కాగితం రాసుకుని తీసుకోవాలి. ఆ కాగితంలో ఏముండాలన్నదే అసలు సంగతి.

ఇదేమీ గాలిలో మాట కాదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 2003లో అక్కడి కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం, నగర పాలక సంస్థ, మరికొన్ని ప్రజా సంస్థలు కలిసి ‘వన్‌క్లీవ్‌లాండ్’ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టుకున్నాయి. బళ్లు, ఆసుపత్రులు, లైబ్రరీలు, ప్రభుత్వ ఆఫీసులు ఒకే ఫైబర్ వలలోకి వచ్చాయి. ఎవరికి వారు తవ్వుకోనక్కర్లేదు, ఎవరికి వారు బేరమాడుకోనక్కర్లేదు. తర్వాత పేరు ‘వన్‌కమ్యూనిటీ’ అయింది. ఊరు దాటి చుట్టుపక్కల జిల్లాలకూ పాకింది. బాగా నడుస్తున్న దానికి సహజంగానే ఆశ పుడుతుంది. వ్యాపారం చేసుకునేందుకు ‘ఎవర్‌స్ట్రీమ్’ పేరుతో ఒక విభాగం పెట్టారు. 2015లో ఆ విభాగం పెట్టుబడి సంస్థ చేతికి పోయింది. మిగిలిన ధర్మసంస్థ ‘డిజిటల్‌సి’ అని పేరు మార్చుకుని, పేదల ఇళ్లకు నెట్ ఇచ్చే పనిలో పడింది. 2023లో క్లీవ్‌లాండ్ కౌన్సిల్ ఆ సంస్థకే 2 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, ఊరంతటికీ నెలకు 18 డాలర్లకు నెట్ ఇవ్వాలని.

నేను ఈ కథను మెచ్చుకోవడానికి చెప్పడం లేదు, భయపడటానికి చెబుతున్నాను. లాభాపేక్ష లేదన్న మాట ఆ సంస్థ పుట్టుకను చెబుతుంది, అంతే. రేపు అందులో ఒక ముక్క అమ్ముడుపోతే, కొన్నవాడికి ఆ గుణం రాదు. అద్దెకున్న ఊరికి అప్పుడు దిక్కు ఆ పాత కాగితమే. యజమాని మారినా ధర, సేవ, గడువు మారకూడదని అందులో ఉంటే సరి. లేదంటే కొత్త యజమాని చెప్పిందే వేదం.

స్టాక్‌హోమ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1994లో నగరమే ‘స్టోకాబ్’ అనే సంస్థ పెట్టి భూమిలో ఫైబర్ పరిచింది. ఆ సంస్థ ఎవరికీ నెట్ అమ్మదు, టీవీ చూపించదు. వట్టి తీగను, అంటే వెలుగు వేయని ఫైబర్‌ను, అడిగిన వాళ్లందరికీ అద్దెకిస్తుంది. ఆ తీగ మీద వ్యాపారం చేసుకునేది వేరేవాళ్లు. తీగ కలవాడు సరుకు అమ్మకపోవడంలో పెద్ద తెలివి ఉంది. వాడికి ఏ దుకాణం మీదా ప్రత్యేకమైన ప్రేమ ఉండదు కదా.

మన దగ్గర జరిగింది దీనికి దాదాపు తలకిందులు. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ 2015లో పుట్టింది. ప్రభుత్వ సంస్థ. మొదటి దశలో సుమారు 24 వేల కిలోమీటర్ల తీగను భూమిలో పూడ్చకుండా కరెంటు స్తంభాల మీదే లాగేశారు. తవ్వి పూడిస్తే వేల కోట్లయ్యేది సుమారు 333 కోట్లలో అయిపోయిందని చెప్పారు. సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు, విశాఖలో పర్యవేక్షణ కేంద్రం పెట్టారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ మూడూ అన్నారు. దేశమంతా ఇటు తిరిగి చూసిన మాట నిజం. స్తంభాల మీద లాగాలన్న ఆలోచన బంగారం లాంటిదని నేను ఇప్పటికీ అంటాను.

ఎక్కడ దారి తప్పిందంటే, తీగ కలవాడే దుకాణం తెరిచిన చోట. ఎన్ని చానళ్లు, ఎన్ని బాక్సులు, ఏ సినిమా అన్న లెక్కలోకి దిగాక ఫైబర్‌నెట్ ఒక పెద్ద కేబుల్ ఆపరేటర్ అయి కూర్చుంది. బాక్సులు దొరక్కపోతే కనెక్షన్లు ఆగాయి. ఆపైన రాజకీయం. టెండర్ల మీద ఆరోపణలు, సీఐడీ కేసులు, 2025 ఫిబ్రవరిలో చైర్మన్ రాజీనామా. తప్పెవరిదో తేల్చడం కోర్టుల పని. నా బాధ వేరే. ఇన్ని గొడవల్లోనూ, మండల కేంద్రంలో ఉన్న ఆఫీసులకు, ఆసుపత్రికి, హైస్కూలుకు ఇంత వేగం ఇస్తాం, తెగితే ఇన్ని గంటల్లో కలుపుతాం అన్న హామీ గురించి గట్టిగా కొట్లాడిన వాళ్లు నాకు కనిపించలేదు. టీవీలో బొమ్మ ఆగితే ఇంటావిడ కేబుల్ అబ్బాయిని నిలదీస్తుంది. గ్రామ సచివాలయంలో నెట్ ఆగితే ఎవరిని నిలదీయాలి?

మా మండల కేంద్రం నందవరంలో నిలబడి చూడండి. ఎమ్మార్వో ఆఫీసు, మండల పరిషత్, సచివాలయం, రైతు సేవా కేంద్రం, పీహెచ్‌సీ, పోలీస్ స్టేషన్, బడి, అన్నీ నెట్ మీదే నడుస్తున్నాయి. ఈ-క్రాప్ ఎక్కించాలన్నా, అడంగల్ తీయాలన్నా, వేలిముద్ర పడాలన్నా అదే. పడమటి మండలాల్లో పత్తి ఏరుడు అయిపోగానే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మా నందవరం నుంచి జనం మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు ఇక్కడ మిగులుతారు. పేరు మారాలన్నా, కార్డులో తప్పు దిద్దాలన్నా ఆ ముసలామె సచివాలయం మెట్లెక్కాల్సిందే. పొద్దున వచ్చిన మనిషిని “సర్వర్ డౌన్ అవ్వా, రేపు రా” అని పంపేస్తే, ఆమెకు పోయేది ఒక పూట కూలి. చాలాసార్లు సర్వర్ నిక్షేపంగా ఉంటుంది. తెగిపోయింది మధ్యలో ఎక్కడో తీగ. ఆదోని యార్డులో పత్తి లాట్లకు ధర వేసేది కూడా ఇప్పుడు కంప్యూటర్లోనే. నెట్ నిద్రపోతే రైతు బండి దగ్గరే కూర్చుంటాడు.

ఎమ్మిగనూరు నుంచి నందవరం వచ్చే దారిలో ఒకరోజు తీగ కలిపే పని దగ్గర నుంచి చూశాను. ఎత్తుగా పత్తి వేసుకున్న లారీ పోతూ పోతూ పై తీగను లాక్కుపోయింది. స్తంభం కింద గోనెసంచి పరుచుకుని ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. నల్లటి తొడుగు చీరి, లోపలి రంగురంగుల పోగులు విడదీశాడు. ఒక్కో పోగు వెంట్రుక మందాన ఉంది. పై పూత గీకేసి, స్పిరిట్ దూదితో తుడిచి, చిన్న కత్తెరలాంటి పనిముట్టుతో కొస నిటారుగా తుంచి, చేతి సంచంత మెషిన్‌లో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టాడు. తెర మీద రెండు కడ్డీలు దగ్గరకు జరిగాయి, చిటుక్కుమని మెరుపు, ఒక్కటయ్యాయి. అతుకు దగ్గర పోయే వెలుగు 0.02 అని అంకె పడింది. దాని మీద చిన్న గొట్టం తొడిగి వేడి చేశాడు. ఇట్లా ఇరవై నాలుగు పోగులు.

“ఎంతసేపు పడతాది నాయనా?” అని అడిగాను.

“ఈడైతే గంటన్నా. ముందర ఇంకో కట్ ఉంటే మాత్రం నాకు తెల్దు.”

“వేరే దారిలో రాదా నెట్టు?”

“వేరే దారి యాడుందన్నా, ఉండేదే ఒకటి.”

అసలు రోగం ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఊళ్లకు వచ్చే ఫైబర్ చాలావరకు చెట్టుకొమ్మలా ఒకే వైపు నుంచి వస్తుంది. కొమ్మ తెగితే దాని మీద ఆధారపడిన ఊళ్లన్నీ చీకటే. కేంద్రం 2011లో ఆమోదించిన ఫైబర్ పథకం 2015లో భారత్‌నెట్‌గా పేరు మార్చుకుంది. పంచాయతీలకు తీగలు చాలావరకు ఇలా ఒంటి దారిలోనే వేసింది. అది తప్పని తెలుసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. 2023లో 1,39,579 కోట్లతో సవరించిన పథకం ప్రకటించినప్పుడు ఇక మీదట వలయంగా వేస్తామన్నారు. ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి వస్తుంది. మనకు ఆ రెండో వైపు ఊహించుకోవడం కష్టం కాదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్ స్టేషన్ల మీదుగా గుంతకల్లు–రాయచూరు రైలు మార్గం పోతోంది. పట్టాల వెంట ఫైబర్ నడిపే రైల్‌టెల్ 2000లోనే పుట్టిన ప్రభుత్వ సంస్థ. ఎమ్మిగనూరు వైపు నుంచి ఫైబర్‌నెట్, మంత్రాలయం వైపు నుంచి రైల్‌టెల్ అని కాగితం మీద గీసి అడిగే నాథుడు కావాలి.

ఫోను డాంగిల్ పెట్టుకుంటే సరిపోదా అనేవాళ్లుంటారు. ఆ టవర్‌కూ గట్టి వేగం రావాలంటే కింద ఫైబరే కావాలి.

సరే, కాగితం సంగతి. తుంగభద్ర దిగువ కాలువ, అంటే ఎల్లెల్సీ, మీద బతికిన వాళ్లం కాబట్టి మనకు ఇది ఇంకెవరూ నేర్పనక్కర్లేదు. ఆ కాలువలో ఆంధ్ర వాటా 24 టీఎంసీలు. కాగితం మీద ఆ అంకె అలాగే ఉంది. కర్ణాటకలో బళ్లారి పొలాలు దాటి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు దాటి చివరి తూముకు చేరేసరికి ఏం మిగులుతుందో కోడుమూరు రైతును అడగండి. నెట్‌లో కూడా వంద అని రాసిన చోట చివరికి వచ్చేది పది. లీజు కాగితంలో వేగం కొలిచేది సబ్‌స్టేషన్ దగ్గర కాదు, చివరి ఆఫీసు గోడ దగ్గర అని రాయాలి. తెగితే నాలుగు గంటల్లోనో ఆరు గంటల్లోనో కలపాలి, కలపకపోతే ఆ నెల అద్దెలో కోత. మున్సిపాలిటీ అద్దెకు తీసుకున్న పోగుల్లో మిగిలిన వాటిని ఊళ్లోని చిన్న కేబుల్ ఆపరేటర్లు అందరికీ ఒకే ధరకు ఇవ్వగలగాలి. ఒక్కడికే రాసిచ్చేశారో, ఇంకో దుకాణం పుట్టినట్టే.

మున్సిపాలిటీకి డబ్బు లేదు నిజమే. కానీ దాని చేతిలో వీధులున్నాయి. టెలికాం చట్టం కింద వచ్చిన రైట్ ఆఫ్ వే నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తీగ వేసేవాడు ఎవరైనా వీధి కలవాడిని అనుమతి అడగాల్సిందే. తాగునీటి పైపు కోసం ఎలాగూ రోడ్డు తవ్వుతారు, అప్పుడే ఒక ఖాళీ గొట్టం వేసి పెట్టుకుంటే, రేపు బేరానికి కూర్చున్నప్పుడు అదే పెట్టుబడి. గొట్టం మాది, అందులో రెండు పోగులు మాకు అని అడగొచ్చు. రోడ్డు వేసిన మూడో నెల మళ్లీ తవ్వే మన అలవాటు కూడా దీంతో కొంత తగ్గుతుంది, అది అదనపు లాభం.

ఒక్కో ఊరు ఒంటరిగా పోతే ఎవరూ ఖాతరు చేయరు. ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపాలిటీలు, చుట్టూ ఉన్న మండలాలు కలిసి ఒక్క బేరంగా పోవాలి. ఇది మనకు కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత కార్మికుల సహకార సంఘం పెట్టినప్పుడు చేసింది ఇదే. మగ్గం ముందు ఒంటరిగా కూర్చున్న మనిషి షావుకారుతో బేరం ఆడలేడు. సంఘం నూలు తెచ్చి, బట్ట అమ్మిపెడితే ఆడగలడు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఆ సంఘం పేరు చెప్పుకోని ఎమ్మిగనూరు మనిషి ఉండడు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఇప్పటికీ ఉంది. ప్రభుత్వం నుంచి వాటా తీసుకోకుండా, సభ్యులే నడుపుకునే సంఘానికి అది వీలిస్తుంది. కేబుల్ ఆపరేటర్లు దాని కింద ఒక సంఘం కట్టి, స్థానిక సంస్థల తరఫున తీగను కాపాడే పని చేయొచ్చు. స్తంభం కింద గోనెసంచి మీద కూర్చున్న ఆ కుర్రాడికి అందులో ఒక నికరమైన ఉద్యోగం దొరుకుతుంది.

ఇదంతా ఎవరో పైనుంచి చేస్తారని కూర్చుంటే కాదు. ముందు ఒక చిన్న పని చేయండి. మీ మున్సిపాలిటీకి, మండల ఆఫీసుకు, సచివాలయానికి నెట్ ఏ ఒప్పందం మీద వస్తోందో, తెగితే ఎన్ని గంటల్లో కలపాలని అందులో రాశారో, నకలు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.