గేరుపెట్టె విప్పుటకు ముందు

మంజీరా పరీవాహకమునందలి మన డోంగ్లి ప్రాంతమున సోయా, పత్తి, కంది, పెసర, మినుము పండించు రైతునకు పంటను కోయుట యెంత ముఖ్యమో, దానిని వేళకు మార్కెట్టునకు చేర్చుటయు నంత ముఖ్యము. 2022లో డోంగ్లి మండల కేంద్రమైనను మన సరకు మద్నూరు వైపునకో, బాన్సువాడ వైపునకో సాగవలసినదే. కోతలనాడు బండి వాకిట నిలిచిపోయినచో కల్లములోని గింజ వానపాలగును. కావున బండి మరమ్మతును గూర్చి వ్రాయుటయు వ్యవసాయమును గూర్చి వ్రాయుటయే.

మన యూళ్లలో తిరుగు పికప్పు బండ్లలో నధిక భాగము చేతి గేరువి. అయినను ఆటోమేటిక్ గేరు బండ్లు మన దేశమున క్రొత్తవి కావు. మన పొరుగు రాష్ట్రమందలి శ్రీసిటీలో 2016లో కర్మాగారము తెఱచిన ఇసుజు వారు 2019లో వీ-క్రాస్ పికప్పును ఆరు గేరుల ఆటోమేటిక్‌తో నమ్మకమునకు దెచ్చిరి. టయోటా వారి హైలక్స్ 2022లో వచ్చినది. ఇట్టివి చేతులు మారి తక్కువ ధరకు రైతునకు లభించు దినములు దూరము లేవు. కొనక మునుపే వాని గుణము నెఱుగుట మేలు.

ఈ బండ్లలో గేరు మార్చునది నడుపువాడు కాదు, గేరుపెట్టెయే. రాడ్డు ఆజ్ఞను మోయు బంటు మాత్రమే. రాడ్డు కదలకున్నను, కదలియు బండి సాగకున్నను, "గేరుపెట్టె పోయినది" యను మాట మొట్టమొదట వినబడును. ఆ మాటకు తలయూపిన రైతు ఒక పంట సొమ్మును సమర్పించుకొనవలసి వచ్చును. అల్పవ్యయముతో పరీక్షింపదగినవన్నియు పరీక్షించిన పిమ్మటనే గేరుపెట్టెపై చేయి వేయవలెనని నా యభిప్రాయము. ఆ పరీక్షల క్రమమిది.

మొదటిది: రాడ్డు "పీ" స్థానము వదలి రాకుండుట. బ్రేకు త్రొక్కినగాని రాడ్డు కదలకుండ నొక తాళము ఈ బండ్లలో నుండును. బ్రేకు పెడలు కడనున్న చిన్న స్విచ్చు ఆ తాళమునకు వార్త పంపును. వెనుక ఎఱ్ఱదీపములను వెలిగించునదియు సాధారణముగా నదియే. కావున నొకరు బ్రేకు త్రొక్కగా నింకొకరు వెనుక నిలిచి చూడవలెను. దీపములు వెలుగనిచో తప్పు స్విచ్చునందో ఫ్యూజునందో యుండుట మెండు. బ్యాటరీ నీరసించినను తాళము వీడదు. చాల బండ్లలో రాడ్డు ప్రక్కను చిన్న మూత క్రింద తాళమును చేతితో విడిపించు సందు గలదు. హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, చక్రములకు రాళ్లు పెట్టిన తరువాతనే దానిని వాడవలెను.

ఏటవాలున నిలిపిన బండిలో రాడ్డు బిగియుటకు వేఱొక కారణము గలదు. బరువంతయు గేరుపెట్టెలోని చిన్న ఇనుప కొక్కెముపై బడును. ముందు హ్యాండు బ్రేకు లాగి, బండి బరువు దానిపై నిలిచిన పిదప "పీ"లో వేసినచో నీ బాధ యుండదు.

రెండవది: రాడ్డు తేలికగా కదలును గాని బండి కదలదు, లేదా రాడ్డు ఒక అక్షరముపై నుండగా బండి వేఱొక గేరులో నుండును. ఇచట రాడ్డునకును గేరుపెట్టెకును నడుమ నున్న కేబులును, దాని కొననుండు బుష్షును చూడవలెను. ఈ బుష్షు అల్పమైనదని తలపరాదు. 2022లో ఫోర్డు కంపెనీ అమెరికాలో ఇట్టి బుష్షు వేడికిని తేమకును చెడి యూడిపోవు ప్రమాదమున్నదని సుమారు 29 లక్షల కార్లను, వ్యానులను మరమ్మతునకు వెనుకకు పిలిచినది. "పీ"లో వేసితినని నమ్మి నడుపువాడు దిగిపోగా బండి తనంత తాను దొరలుటయే యచటి భయము. వాకిట పిల్లలాడుకొను మన యిండ్లలో ఈ భయము తక్కువది కాదు. "పీ"ని మాత్రమే నమ్మి, హ్యాండు బ్రేకు లాగక బండి దిగరాదు.

మూడవది: రాడ్డు సరిగానుండియు బండి ఆలస్యముగా నందుకొనుట, జాఱుట. అపుడు గేరు నూనె చూడవలెను. తఱిగినదా, మాడు వాసన గలదా యని పరీక్షింపవలెను. కొన్ని బండ్లలో కొలత పుల్ల యుండదు. వానిని పనివాని యొద్దనే చూపవలెను. కంపెనీ పుస్తకము చెప్పిన నూనె తప్ప వేఱొకటి పోయరాదు. నూనెలో ఇనుప రజను మెఱసినచో అది నిజముగా గేరుపెట్టె రోగమే. అట్టితఱి జాగు చేయుట హాని.

నాల్గవది: హెచ్చరిక దీపము వెలిగి బండి ఒకే గేరులో నీడ్చుచున్నచో, విప్పకమునుపు స్కానరు తగిలించి తప్పు సంఖ్య చదివించి కాగితముపై వ్రాయించుకొనవలెను.

నిలిచిన బండిని ట్రాక్టరునకు మోకు గట్టి లాగించుట మన యలవాటు. ఆటోమేటిక్ బండికిది చేటు. ఇంజను తిరుగనపుడు లోపలి నూనె పంపును తిరుగదు; చక్రములు మాత్రము తిరుగుచుండ లోని భాగములు నూనె లేక కాలిపోవును. నడపు చక్రములను పైకెత్తియో, నాలుగు చక్రముల బండియైనచో వేఱొక లారీపై నెక్కించియో తరలింపవలెను. బ్యాటరీ చచ్చినపుడు త్రోసి నడిపించుటయు నిందు సాగదు.

ఇది మెకానిక్కు పని, రైతునకేల యని కొందఱనవచ్చును. రైతు మెకానిక్కు కానక్కఱలేదు. ఎద్దు మేత మానినపుడు నెమరు వేయుచున్నదా, పేడ యెట్లున్నదని చూచి చెప్పగలిగిన రైతు పశువైద్యునకు సగము పని తీర్చును. బండి విషయమునను లక్షణము చెప్పగలిగినవాడు మోసపోడు. నిజాయితీపరుడైన పనివానికిని తోడ్పడును.

ఈ పనిలో సహకార సంఘములకును పాత్ర గలదు. విత్తనములు, ఎరువులు కలసి కొనుటకు పనికివచ్చిన సూత్రమే యిచటను పనికివచ్చును. ఒక్క రైతు కొనుటకు వెనుకాడు స్కానరును పదుగురు కలసి సులభముగా కొనగలరు. దానిని వాడుట చదువుకొన్న యువకునకు నేర్పవచ్చును. పై నాలుగు పరీక్షలను తెలుగున నొక కాగితముపై వ్రాసి ప్రతి బండిలో నుంచవలెను. పెద్ద మరమ్మతునకు ఒప్పుకొనుటకు ముందు తప్పు సంఖ్యను అడుగుట, నూనెను కన్నులార చూచుట, మార్చిన పాత భాగమును తిరిగి పుచ్చుకొనుట సభ్యులు నియమముగా నెంచుకొనవలెను. అడుగుట అవమానము కాదు. అడుగక చెల్లించిన సొమ్ము మరల కల్లమునకు రాదు.