బొమ్మలు రాకముందు మోగిన గోడలు

లాస్ ఏంజెలిస్ కౌంటీ కళా మ్యూజియం 2025 జూన్ చివరి వారంలో తన కొత్త భవనంలోకి ప్రేక్షకులను రానిచ్చింది. అప్పటికి గోడల మీద ఒక్క చిత్రం లేదు, పీఠాల మీద ఒక్క శిల్పం లేదు. పని ఇంకా మిగిలే ఉంది. స్విస్ వాస్తుశిల్పి పీటర్ జుమ్‌తోర్ రూపొందించిన ఆ కాంక్రీటు కట్టడం దాదాపు 900 అడుగుల పొడవు సాగి, విల్‌షైర్ బులెవార్డ్‌ను పైనుంచి దాటుతుంది. గ్యాలరీలన్నీ ఒకే అంతస్తులో ఉన్నాయి. ఆ ఖాళీలోకి, ఆ నగరంలోనే పెరిగిన సాక్సోఫోన్ విద్వాంసుడు కమాసీ వాషింగ్టన్ వందమందికి పైగా సంగీతకారులను తీసుకొచ్చాడు. వాళ్లను బృందాలుగా విడదీసి భవనమంతటా నిలబెట్టాడు.

వాయించినది ‘హార్మనీ ఆఫ్ డిఫరెన్స్’. 2017 విట్నీ బైయెనియల్ కోసం చేసిన ఆరు భాగాల రచన అది. మొదటి ఐదింటి బాణీలూ వేరువేరు. ఆరోదైన ‘ట్రూత్’లో అవన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. వేదిక ముందు కూర్చుంటే ఆ వరస స్వరకర్త ఇష్టం. ఇక్కడ మాత్రం వరస నడిచేవాళ్ల కాళ్లలో ఉంది. ఆగిన చోట ఒక బాణీ నిండుగా వినిపిస్తుంది. నాలుగడుగులు వేస్తే పక్క గ్యాలరీలోని బాకా వచ్చి దానితో కలుస్తుంది. కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ 2001లో ఈ అనుభవాన్నే 40 స్పీకర్లతో ఇచ్చింది. థామస్ టాలిస్ 40 గొంతుల కోసం రాసిన కీర్తనలో ఒక్కో గొంతుకూ ఒక్కో స్పీకరు. వాటి మధ్య నడుస్తున్న మనిషికి ఆ గది ఎంత పెద్దదో ముందు చెవులకే తెలుస్తుంది.

ఈ భవనం మీద విమర్శలున్నాయి, అవి న్యాయమైనవే. నాలుగు పాత భవనాలను కూల్చి, 72 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. అయినా గ్యాలరీ విస్తీర్ణం పెరగకపోగా కొంత తగ్గింది. సంగీతం వీటికి జవాబు కాదు. కానీ ఆ ఖర్చులో 12.5 కోట్లు కౌంటీ ప్రజలవి. తమ డబ్బుతో లేచిన గోడ ఎలా పలుకుతుందో, దాని మీద బొమ్మ వేలాడకముందే వినే హక్కు వాళ్లకుంది. బొమ్మ వచ్చాక అందరూ బొమ్మనే చూస్తారు, గదిని ఎవరూ పట్టించుకోరు.

బెర్లిన్ యూదు మ్యూజియం చరిత్ర ఇక్కడ గుర్తుకొస్తుంది. డేనియల్ లీబెస్కిండ్ కట్టిన ఆ భవనాన్ని 1999లో ఖాళీగానే తెరిచారు. 2001లో ప్రదర్శన మొదలయ్యేలోగా సుమారు మూడున్నర లక్షల మంది చూసి వెళ్లారు. దాన్ని అలాగే ఖాళీగా వదిలేయమన్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు అక్కడ వస్తువులున్నాయి. అయినా ఒక శూన్యపు గదిలో మెనాషే కదిష్మన్ ఇనుపరేకులు కోసి చేసిన పదివేలకు పైగా ముఖాలు నేలంతా పరిచి ఉంటాయి. వాటి మీద అడుగేస్తే ఇనుము ఖంగుమంటుంది. ఆ మోత ఎత్తైన కాంక్రీటు గోడల వెంట పైకి పాకుతుంది. ఆ చప్పుడు చేస్తున్నది తన కాళ్లేనని తెలిశాక ఎవరి నడకా మునుపటిలా ఉండదు. ఏ ఫలకం మీది వాక్యమూ చేయలేని పని అది.

మన సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కావస్తోందంటే జనం గడియారం ముందు పోగవుతారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ కొద్దిసేపటి కోసం గదులన్నీ వదిలి వస్తారు. చెవితో చూడటం మనవాళ్లకు తెలియని విద్య కాదు. అయినా కొత్త కళాభవనం కడితే రిబ్బను కత్తిరించేదాకా తలుపులు మూసే ఉంచుతాం. రెండు రాష్ట్రాల్లో ఇలాంటివి కట్టే వారిని మేం కోరేది ఇదే: అద్దాల పెట్టెలు రాకముందు కొన్నాళ్లు తలుపులు తెరవండి. ఒక హాల్లో నాదస్వరం, ఒక హాల్లో ఒగ్గుకథ, మెట్ల దగ్గర జముకు పెట్టించండి. ఏ గదిలో మాట చెదిరిపోతోందో, ఏ మూల జనం ఎక్కువసేపు నిలుస్తున్నారో క్యూరేటర్లు రాసుకోవచ్చు. ఇంజనీర్లు ఇంకా అక్కడే ఉంటారు కనుక సరిదిద్దే వీలూ అప్పుడే ఉంటుంది.