మొక్కూ తీర్చండి, మాత్రలూ మింగించండి

ప్రశ్న: మావారు గోదావరిఖనిలో బాయి పనికి వెళతారు. క్షయ అని చెప్పి మందులిచ్చారు. సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. రెండు నెలల్లో దగ్గు తగ్గింది, ఒళ్ళు చేశారు. తల్లే నయం చేసింది, ఇక మందులెందుకని మాత్రలు మానేశారు. ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ మొక్కును నేను కాదనను. ఈసారి జాతరలో నిలువెత్తు బంగారం తప్పక ఇచ్చుకోండి. ఒళ్ళు చేసిన మనిషి కాబట్టి బెల్లం కాస్త ఎక్కువే పడుతుంది! కాని మాత్రలు మానడం మాత్రం పెద్ద పొరపాటు.

మీవారిని ఒక్క మాట అడగండి. మైసమ్మకు దండం పెట్టుకునే బాయిలోకి దిగుతారు కదా, మరి లోపల గ్యాసు పరీక్ష ఎందుకు చేస్తారు? మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్ళు కలిస్తే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. 1815లో డేవీ తయారుచేసిన దీపంలో మంటమీద లేత నీలిరంగు టోపీ కనిపిస్తే గ్యాసు ఉన్నట్టు గుర్తు. ఇప్పుడు మీటర్లూ వచ్చాయి. గ్యాసు ఉందని తేలితే అందరూ వెనక్కి వస్తారు. అమ్మవారిమీద నమ్మకం పోయి కాదు గదా!

క్షయ క్రిమీ కంటికి కనిపించదు. 1882లో కాక్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని సూక్ష్మదర్శినిలో పట్టి చూపించాడు. మొదటి రెండు నెలల మందులతో చాలా క్రిములు చస్తాయి. దగ్గు, జ్వరం తగ్గి, ఆకలి పుడుతుంది. కాని మొండివి కొన్ని ఊపిరితిత్తుల్లో నక్కి ఉంటాయి. వాటికోసమే మామూలుగా 6 నెలల వైద్యం. మధ్యలో మానితే అవి మళ్ళీ పెరుగుతాయి. ఒక్కోసారి పాత మందులకు లొంగని రకంగా తయారవుతాయి. అప్పుడు వైద్యం కష్టం. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి మానేసేవారూ ఉన్నారు. అది రిఫాంపిసిన్ రంగు, రక్తం కాదు.

మిగిలిన మాత్రలు మీకు మీరే మొదలుపెట్టకండి. పాత చీటీలతో ఆయన్ని వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళి, ఎన్నాళ్ళు మానేశారో దాచకుండా చెప్పండి. కఫం పరీక్ష చేసి, పాత మందులే కొనసాగించాలో, మార్చాలో డాక్టరు నిర్ణయిస్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందులు ఉచితం.

ఇంకొకటి. ఆయన బండరాయికి డ్రిల్లు వేసే పనిలో ఉంటే ఆ మాటా చెప్పండి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరినవారికి క్షయ సులభంగా పట్టుకుంటుంది. అసలు హాని చేసేది ముఖం నల్లబరిచే దుమ్ము కాదు, కంటికి ఆనని సన్నని దుమ్ము. బెల్లం తింటే అది దిగిపోతుందని చాలామంది నమ్మకం. బెల్లం వెళ్ళేది కడుపులోకి, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో! అక్కడ పట్టేసిన దుమ్మును కరిగించే మందు లేదు. అందుకే డ్రిల్లు వేసేటప్పుడు నీళ్ళు వాడాలి, మాస్కు తియ్యకూడదు, గని కార్మికులకు జరిపే వైద్యపరీక్షలు, ఎక్స్‌రే తప్పించుకోకూడదు. బీడీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న అందరూ వెళ్ళి పరీక్ష చేయించుకోండి. అయిదేళ్ళలోపు పిల్లలుంటే, దగ్గు లేకపోయినా తప్పక చూపించండి. జబ్బు లేదని తేలితే, రాకుండా ముందుగానే మందు ఇస్తారు.