హిమగిరి సింధూరం

హిమాలయం అనగానే తెలుగు సాహిత్య విద్యార్థికి మనుచరిత్రలోని ప్రవరుడు స్ఫురిస్తాడు. కావ్యలోకంలో హిమగిరి సౌందర్యానికి, అద్భుతానికి నెలవు. కాని ఆ కొండల ఒడిలో తరతరాలుగా జీవిస్తున్న రైతు కుటుంబాలకు హిమగిరి అంటే మొదట నీరు, పశుగ్రాసం, వంటచెరకు. ఈ మూడింటికీ ఆధారమైన వృక్షం ‘బాంజ్’. ఇది ఓక్ జాతికి చెందినది. ఓక్‌ను తెలుగులో సింధూర వృక్షమని వ్యవహరిస్తారు.

ఉత్తరాఖండ్‌లోని కుమావూన్, గఢ్వాల్ ప్రాంతాలలోనూ, హిమాచల్ ప్రదేశ్‌లోనూ, నేపాల్‌లోనూ సుమారు 1200 నుండి 2300 మీటర్ల ఎత్తులో బాంజ్ పెరుగుతుంది. ఇది నిత్యహరిత వృక్షం. ఆకుల అంచులు రంపపు పళ్ళవలె ఉంటాయి. ఆకు పైభాగం ముదురాకుపచ్చగా, అడుగుభాగం తెల్లని నూగుతో బూడిదవన్నెలో ఉంటుంది. గాలి వీచినప్పుడు అడవి అంతా వెండిపూత పూసినట్లు మెరుస్తుంది. దీని శాస్త్రీయ నామం క్వెర్కస్ ల్యూకోట్రైకోఫోరా. తెల్లని రోమాలు గలదని ఆ పేరుకు అర్థం. చిన్న గిన్నెలో అమర్చినట్లుండే దీని కాయలు పూత పూసిన మరుసటి ఏడాదికి గాని పక్వానికి రావు. ఎలుగుబంట్లకు, కొండముచ్చులకు, పక్షులకు అవే ఆహారం.

శీతకాలంలో పచ్చగడ్డి కరవైనప్పుడు బాంజ్ ఆకులే పశువుల మేత. రాలిన ఆకులను పశువుల పాకలో పరచి, పేడతో కలిపి ఎరువుగా పొలానికి చేరుస్తారు. గట్టిదైన కలప నాగళ్ళకు, పనిముట్ల పిడులకు పనికివస్తుంది. కట్టెలు నిలకడగా మండుతాయి. ఓక్ ఆకులను మేసే పురుగుల నుండి ఒక రకం టసర్ పట్టు లభిస్తుంది.

వీటన్నింటికంటె మిన్న అయినది జలరక్షణ. బాంజ్ వనంలో నేలపై పేరుకొన్న ఆకులు కుళ్ళి మెత్తని పొరగా మారుతాయి. ఆ పొర వాననీటి వేగాన్ని తగ్గించి, నేలలోకి ఇంకేటట్లు చేస్తుంది. ఇంకిన నీరే ఊటలై ‘నౌలా’ అనే రాతికట్టు చెలమలను నింపుతుంది. బాంజ్ ఉన్నచోట నీరుంటుందని కొండప్రజల విశ్వాసం.

అయినా ఈ వృక్షానికి తగిన ఆదరణ దక్కలేదు. ఎండినప్పుడు వంకరపోయే, పగిలే దీని కలప వ్యాపారులను ఆకర్షించలేదు. బ్రిటిష్ పాలకులు జిగురు కోసం, రైలు పట్టాల దిమ్మెల కోసం చీర్ దేవదారుకు ప్రాధాన్యమిచ్చారు. అటవీ ఆంక్షలపై ఆగ్రహించిన కుమావూన్ ప్రజలు 1921లో దేవదారు వనాలకు నిప్పుపెట్టారు. ప్రజావసరాలకూ ప్రభుత్వ ఆదాయానికీ మధ్య ఏర్పడిన అగాధానికి అది తార్కాణం.

దేవదారును శత్రువుగా భావించడం సరికాదు. అదీ ఆ నేలపై పుట్టినదే. బీడుపడిన వాలులలో అది త్వరగా నాటుకొంటుంది. అయితే దాని ఎండుసూదులు వేసవిలో సులభంగా అంటుకొంటాయి. మందమైన బెరడుగల పెద్ద దేవదారు ఆ మంటలను తట్టుకొంటుంది. లేత బాంజ్ మొక్క మాడిపోతుంది. ఆ విధంగా ప్రతి కార్చిచ్చూ బాంజ్‌కు చోటు తగ్గిస్తుంది. 2024 వేసవిలో నైనిటాల్ అడవులు తగులబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీరు చల్లవలసి వచ్చింది. మరోవైపు, మేతకోసం కొమ్మలను మితిమీరి నరకడం వల్ల కూడా బాంజ్ క్షీణిస్తున్నదన్న సత్యాన్ని విస్మరించరాదు.

కేవలం నిషేధాలు విధించినంత మాత్రాన ఈ వృక్షం బతకదు. మేతకు, ఇంధనానికి ప్రత్యామ్నాయం చూపకుండా నరకవద్దంటే ఆ భారం మోపులు మోసే స్త్రీలపైనే పడుతుంది. 1931 నాటి నిబంధనలతో రూపుదిద్దుకొన్న వన పంచాయతీలకు నిజమైన అధికారం, నిధులు కల్పించాలి. కొమ్మలు కొట్టిన వనానికి కొన్నేళ్ళు విశ్రాంతినివ్వాలి. నాటిన మొక్కల సంఖ్యను కాక, బతికిన మొక్కల సంఖ్యను లెక్కించాలి.

బాంజ్ నెమ్మదిగా పెరుగుతుంది. నాటినవారికంటె వారి మనుమలకే దాని నీడ ఎక్కువగా దక్కుతుంది. ఆ కారణంగానే దానిని ఉపేక్షించడం తగదు. అంగడిలో ధర పలకని చెట్టు ఊరికి నీరిస్తున్నదంటే, సరిదిద్దుకోవలసినది విలువను నిర్ణయించే మన కొలమానాన్నే.