సీబీపీ రిపోర్టులో హెచ్‌బీ ఒక్కటే చూస్తున్నారా?

ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. తెరవగానే అందరం వెతికేది ఒకే అంకె... హెచ్‌బీ. పదో, పదిన్నరో ఉంటే 'రక్తం తక్కువుంది' అని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. బీట్‌రూట్ జ్యూస్, దానిమ్మ, ఖర్జూరం మొదలు. మెడికల్ షాపు నుంచి ఐరన్ సిరప్ కూడా. ఆర్నెల్లు తాగినా అంకె కదలదు. 'నువ్వు సరిగ్గా తినవు కదా' అని అమ్మ తిడుతుంది.

తప్పు తిండిది కాకపోవచ్చు. అదే పేజీలో కాస్త కిందికి వెళ్తే ఎంసీవీ అని ఉంటుంది. ఎర్ర రక్తకణం సగటు సైజు అది. పెద్దవాళ్లలో 80 నుంచి 100 మధ్య ఉండాలి. 80 కంటే తక్కువుంటే కణాలు చిన్నగా ఉన్నట్టు. మన దగ్గర దీనికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు: ఐరన్ లోపం, తలసీమియా మైనర్. (ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కూడా పడిపోయి, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, తగ్గని జ్వరం ఉంటే ఈ లెక్కలేవీ వద్దు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.)

ఎక్కువమందికి ఉండేది ఐరన్ లోపమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం అందరికీ తెలిసినవే. బలపాలు, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు నమలాలనిపించడం కూడా దీని లక్షణమే. బలపాలు తినే వీడియోలు చూసి నవ్వుకుంటాం గానీ, వాళ్లలో కొందరికి కావాల్సింది లైకులు కాదు, ఫెరిటిన్ టెస్టు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది అదే. మాత్రలు వేసుకుంటే టీ, కాఫీకి గంటా రెండు గంటలు ఎడం ఉంచండి. మలం నల్లగా వస్తే భయపడొద్దు. హెచ్‌బీ సరైపోయిందని వెంటనే ఆపేయకూడదు, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలైనా పడుతుంది. అబ్బాయిలకు ఐరన్ లోపం వస్తే మాత్రలతో సరిపెట్టొద్దు. మొలలో, అల్సరో, రక్తం ఎక్కడో పోతోందేమో చూపించుకోవాలి.

ఇక రెండోది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, ఎంసీవీని ఆర్‌బీసీ సంఖ్యతో భాగించండి. ఎంసీవీ 64, ఆర్‌బీసీ 5.6 మిలియన్లు అనుకుంటే 11.4 వస్తుంది. 13 కంటే తక్కువొస్తే తలసీమియా మైనర్ అనుమానించాలి, ఎక్కువొస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఇది సూచన మాత్రమే. తేల్చేది హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష. అందులో హెచ్‌బీ ఏ2 సుమారు 3.5 శాతం దాటితే మైనర్ ఉన్నట్టే. ఐరన్ బాగా తక్కువుంటే ఈ అంకె తగ్గి కనిపించొచ్చు, అందుకే ముందు దాన్ని సరిచేయమంటారు.

మైనర్ అంటే జబ్బు కాదు. మందు అక్కర్లేదు. ఫెరిటిన్ బాగుంటే ఐరన్ కూడా వద్దు. చదువు, ఉద్యోగం, జిమ్, అన్నీ మామూలే. చిక్కు ఒక్కచోటే. భార్యాభర్తలిద్దరూ మైనర్ అయితే, ప్రతి కాన్పులో బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక పాలిపోతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకోకుండా మళ్లీ వేరే మందులు. ఎముకమజ్జ మార్పిడితో నయం చేయొచ్చు గానీ సరిపోయే దాత దొరకాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది.

మేనరికాల్లో ఈ ముప్పు ఎక్కువ. తాతకో నానమ్మకో ఉన్న జన్యువే మీకూ మీ బావకూ వచ్చి ఉండొచ్చు. పెళ్లిచూపుల్లో ప్యాకేజీ అడుగుతాం, గోత్రం అడుగుతాం, ఈ టెస్టు మాత్రం అడగం. అడిగినా అమ్మాయికే చేయిస్తారు. ఎవరో ఒకరికి మైనర్ ఉన్నంత మాత్రాన సంబంధం వదులుకోనక్కర్లేదు, రెండోవాళ్ల రిపోర్టు మామూలుగా ఉంటే బిడ్డకు మేజర్ రాదు. రెండోవాళ్లు సికిల్ సెల్ క్యారియర్ అయినా చిక్కే, అదీ ఈ పరీక్షలోనే బయటపడుతుంది.

ఇద్దరికీ ఉందని తేలినా దారులున్నాయి. గర్భం 10-12 వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు మేజర్ ఉందో లేదో చెప్పగలరు. ఇప్పటికే నెల తప్పి, రిపోర్టులో ఎంసీవీ తక్కువుంటే, మీ హెచ్‌పీఎల్‌సీతో పాటే ఆయనదీ ఈ వారమే చేయించండి.